బండి మీద ఎంతమంది?

ఏప్రిల్ నెలలో తెనాలిలో రేపల్లె రైలెక్కి కిటికీ పక్కన కూర్చోండి. 34 కిలోమీటర్ల దారి. అటూ ఇటూ కోతలైపోయిన చేలు, ఊరి మొగలో ఎండిన గడ్డివాములు, వాటి పక్కనే పశువుల పాకలు, పాకల మీద కరెంటు తీగలు. దారి పొడుగునా కాలవలు కనిపిస్తాయి గానీ వాటిలో నీళ్ళుండవు. కృష్ణా పశ్చిమ డెల్టాలో ఎండాకాలం కాలవలు కట్టేస్తారు. వామి అంటుకునే కాలమూ, కాలవ ఎండే కాలమూ ఒకటే.

అలాంటి ఒక మధ్యాహ్నం రేపల్లె పక్క పల్లెలో వామి అంటుకుందనుకుందాం. ఎవరో 101కి ఫోను చేస్తారు. ఫైరాఫీసులో గంట మోగుతుంది, బండి బయల్దేరుతుంది. మామూలు వాటర్ టెండర్‌లో పట్టేది 4,500 లీటర్లు. ఎండిన వామి ముందు అవి ఎంతసేపటికి? అందుకే పల్లెలోకి దిగగానే సిబ్బంది వెతికేది మంట కోసం కాదు, అది ఎలాగూ కనిపిస్తుంది. నీళ్ళ కోసం. చెరువో, రొయ్యల గుంటో, బోరో దొరికితే ఒకరు పంపు దగ్గర నిలబడాలి. బండి తోలినవాడే పంపూ చూస్తాడు కాబట్టి ఆయన ఉద్యోగం పేరే డ్రైవర్ ఆపరేటర్. ఇద్దరు గొట్టం కొస పట్టుకోవాలి, నీటి ఒత్తిడికి ఒక్కడి చేతుల్లో అది నిలవదు. మధ్యలో గొట్టం మెలిక పడకుండా ఒకరు చూడాలి. గాలి ఎటు తిరుగుతోందో, పక్క ఇంట్లో గ్యాస్ బండ ఉందో లేదో కనిపెట్టి చెప్పడానికి లీడింగ్ ఫైర్‌మాన్ ఉండాలి. వేళ్ళు మడిచి చూసుకోండి, ఐదుగురు. బండి మీంచి ముగ్గురే దిగితే ఏ ఇద్దరి పని ఆగుతుంది?

అగ్నిమాపక సిబ్బంది సంఘం అనగానే జీతం పెంచమనే జెండాలు మనసులో మెదులుతాయి. జీతం సంగతి ఉంటుంది, ఉండాలి కూడా. కానీ ఈ ఉద్యోగంలో సంఘం అడిగే చాలా విషయాలు, విప్పి చూస్తే, వామి కాలిపోతున్న రైతు అడగాల్సినవే. ఆ సంఘానికి ఏం హక్కుంది, ఏం లేదు, లేనిచోట ఏం చేస్తుంది అన్నది నెమ్మదిగా చూద్దాం.

మొదట యజమాని ఎవరో తేల్చుకోవాలి. తెనాలి ఫైర్ స్టేషన్ తెనాలి మునిసిపాలిటీది అనుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. కాదు. 1992లో వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు అప్పగించదగ్గ 18 పనుల జాబితాలో అగ్నిమాపక సేవను కూడా రాసింది. మన దగ్గర మాత్రం అది రాష్ట్ర ప్రభుత్వం చేతిలోనే ఉంది. హోం శాఖ కింద, 1999 నాటి ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవా చట్టం ప్రకారం నడుస్తోంది. ముంబయిలో అలా కాదు, అక్కడి ఫైర్ బ్రిగేడ్ నగర పాలక సంస్థది. అక్కడి ఫైర్‌మాన్ మునిసిపల్ కార్మికుడు, మునిసిపల్ కార్మికుల పోరాటాల్లో భాగస్తుడు. తెనాలి ఫైర్‌మాన్ రాష్ట్ర ప్రభుత్వోద్యోగి. పొద్దున్నే అదే వీధి ఊడ్చే మునిసిపల్ కార్మికుడికీ ఆయనకీ సంఘం పరంగా చుట్టరికం లేదు.

మరి ఖాకీ కట్టే మనిషి సంఘం పెట్టుకోవచ్చా? ఇక్కడే పెద్ద అపోహ ఉంది. రాజ్యాంగం 19(1)(సి) అధికరణ సంఘం పెట్టుకునే హక్కును పౌరులందరికీ ఇచ్చింది. 33వ అధికరణ ఆ హక్కును కుదించే అధికారం పార్లమెంటుకు ఇచ్చింది. అయితే అందరి విషయంలో కాదు, సైన్యం, శాంతిభద్రతలు చూసే బలగాలు, అలాంటి మరికొన్నింటి విషయంలో మాత్రమే. ఆ అధికారంతోనే 1966లో పోలీసు బలగాల హక్కుల పరిమితి చట్టం వచ్చింది. అనుమతి లేకుండా పోలీసు ట్రేడ్ యూనియన్లో చేరకూడదని అది చెబుతుంది. నిప్పార్పడం శాంతిభద్రతల పని కాదు. కట్టిన బట్ట రంగును బట్టి కాదు, చేసే పనిని బట్టి ఉంటుంది ఆ గీత. కేరళలో ఫైర్ సర్వీస్ అసోసియేషన్ పేరుతోనే సంఘం బహిరంగంగా పనిచేస్తోంది.

ఇదే పని చేస్తూ ఈ హక్కు లేనివాళ్ళూ ఉన్నారు, అది మరీ విచిత్రం. కేంద్ర ప్రభుత్వ కర్మాగారాలు చాలావాటిలో మంటలార్పేది కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం (సీఐఎస్ఎఫ్) ఫైర్ విభాగం. 1983 సవరణతో సీఐఎస్ఎఫ్ సాయుధ బలగం అయింది, అక్కడ యూనియన్ ఊసెత్తకూడదు. ఒకే గొట్టం, ఒకే పొగ, ఒకే హెల్మెట్. ఒకరికి సంఘం ఉండొచ్చు, ఇంకొకరికి ఉండకూడదు.

సంఘం పెట్టుకోవడం ఒక మెట్టు. ప్రభుత్వం దాన్ని గుర్తించడం రెండో మెట్టు, అసలు తిరకాసు అక్కడుంది. గుర్తింపు లేని సంఘం ఉత్తరం రాస్తే జవాబు ఇవ్వాలన్న నియమం లేదు, చర్చలకు కుర్చీ వెయ్యాల్సిన పనీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యోగ సంఘాల గుర్తింపుకు 2001 నియమాలున్నాయి, ఉద్యోగుల వాడుకలో ‘రోసా రూల్స్’. ఆ కత్తి ఎంత పదునుగా ఉంటుందో 2023 జనవరిలో చూశాం. జీతాలు సమయానికి రావడం లేదని ఒక ఉద్యోగుల సంఘం నాయకులు గవర్నరును కలిసి చెప్పుకున్నారు. మీ గుర్తింపు ఎందుకు రద్దు చెయ్యకూడదో చెప్పండని ప్రభుత్వం నోటీసిచ్చింది. అది అగ్నిమాపక సంఘం కాదు. కానీ ప్రభుత్వోద్యోగుల సంఘాలన్నీ ఆ నోటీసును తమకు వచ్చినట్టే చదువుకుని ఉంటాయి.

ఇక్కడ ఒక పక్కమాట. దేశమంతా అగ్నిమాపక దినం జరుపుకునేది ఏప్రిల్ 14న. 1944లో ఆ రోజున బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలి, మంటలార్పడానికి వెళ్ళినవాళ్ళలో 66 మంది చనిపోయారు. అదే రోజు అంబేద్కర్ జయంతి కూడా. ఆ ఓడ పేలిన నాటికి ఆయన వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ సభ్యుడు. అంతకు అయిదు నెలల ముందు, 1943 నవంబరులో, యజమాని యూనియన్‌ను గుర్తించి తీరాలనే బిల్లును ఆయనే ప్రవేశపెట్టారు. 1947లో ఆ సవరణ చట్టమైంది. అమల్లోకి మాత్రం ఎన్నడూ రాలేదు. ఏటా ఏప్రిల్ 14న ఫైర్ స్టేషన్లలో జెండాకు వందనం చేసి, పిల్లలకు గొట్టం పట్టుకోవడం చూపిస్తారు. ఆ బిల్లు సంగతి ఎవరూ ఎత్తినట్టు నేను వినలేదు.

గుర్తింపు పోతే సభ్యుల గతేమిటన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు ఎప్పుడో జవాబిచ్చింది. ఘోష్, జోసెఫ్ కేసులో ప్రభుత్వం గుర్తించని సంఘంలో ఉద్యోగి ఉండకూడదన్న నియమాన్ని కొట్టేసింది. గుర్తింపు ప్రభుత్వం ఇష్టం కావచ్చు, సభ్యత్వం ఉద్యోగి హక్కు. 1962 నాటి కామేశ్వర్ ప్రసాద్ కేసులో, శాంతియుతంగా ప్రదర్శన చెయ్యడాన్ని నిషేధించిన బీహారు నియమం కూడా చెల్లదంది. డ్యూటీ దిగాక నల్ల బ్యాడ్జీతో నిలబడి చెప్పుకోవడం, వినతిపత్రం ఇవ్వడం ఆ తీర్పు నీడలో బతికే పనులు.

ఆ తీర్పే ఇంకో మాట కూడా చెప్పింది: ప్రదర్శన వేరు, సమ్మె వేరు. సమ్మె ప్రాథమిక హక్కు కాదు. మన రాష్ట్ర ఉద్యోగుల 1964 ప్రవర్తనా నియమావళి సమ్మెను నిషేధిస్తుంది. 2003లో తమిళనాడు ప్రభుత్వం సమ్మె చేసిన లక్షన్నరకు పైగా ఉద్యోగులను ఒక్క దెబ్బన తీసేసినప్పుడు, రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా చెప్పింది. ప్రభుత్వోద్యోగికి సమ్మె చేసే చట్టబద్ధ హక్కు లేదు, నైతిక హక్కూ లేదంది. నైతికత గురించి కోర్టు అంత దూరం వెళ్ళాల్సిన అవసరం ఉందా అని చాలామంది అడిగారు, నేనూ వాళ్ళలో ఒకణ్ణి. ఇవన్నీ చాలవన్నట్టు 1971 నాటి అత్యవసర సేవల నిర్వహణ చట్టం (ఎస్మా) ఉంది. 2024 జనవరిలో అంగన్‌వాడీ అక్కచెల్లెళ్ళ సమ్మె మీదే దాన్ని ప్రయోగించారు. పిల్లలకు గుడ్డు పెట్టే పనే అత్యవసర సేవ అయినప్పుడు నిప్పార్పే పని గురించి చెప్పేదేముంది.

ఒక విషయం ఒప్పుకోవాలి. ఫైర్ స్టేషన్ సమ్మె చెయ్యకూడదన్న మాటలో న్యాయం ఉంది. బ్రిటన్‌లో 1977 నవంబరులో అగ్నిమాపక సిబ్బంది యూనియన్ మొదటిసారి దేశవ్యాప్త సమ్మెకు దిగింది. తొమ్మిది వారాలు సాగింది. సైన్యం పాత ఆకుపచ్చ బండ్లేసుకుని వీధుల్లోకి వచ్చింది. అడిగిన 30 శాతం రాలేదు, వచ్చింది 10. దాంతోపాటు ఇకముందు జీతాన్ని దేన్ని బట్టి లెక్కగట్టాలో చెప్పే సూత్రం ఒకటి వచ్చింది, అసలు గెలుపు అదే. రేపల్లెలో అలాంటి తొమ్మిది వారాలు ఊహించుకోండి. పిలవడానికి సైన్యం ఎక్కడ, వచ్చేలోపు ఊరెక్కడ? నిప్పుకు చర్చలు తెలియవు.

కానీ సమ్మె హక్కు తీసుకున్నవాళ్ళు బదులు ఏం ఇవ్వాలన్నది వేరే ప్రశ్న. అంతర్జాతీయ కార్మిక సంస్థ ఈ రెండింటినీ కలిపే చూస్తుంది. దాని 87వ ఒప్పందం (1948) సంఘ హక్కు విషయంలో దేశాల ఇష్టానికి వదిలింది సైన్యాన్నీ పోలీసునూ మాత్రమే. ఫైర్ సిబ్బందికి సంఘ హక్కు ఉండాల్సిందే. వాళ్ళ సమ్మెను మాత్రం ఆపొచ్చు. ఆపితే వివాదం తేల్చడానికి త్వరగా, నిష్పక్షపాతంగా పనిచేసే మధ్యవర్తిత్వం ఉండాలి. భారతదేశం ఆ ఒప్పందాన్ని ఇప్పటికీ ధ్రువీకరించలేదు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం 1968లో ఇదే పద్ధతిని చట్టం చేసింది. పోలీసూ ఫైర్‌మానూ సమ్మె చెయ్యకూడదు, బదులుగా మధ్యవర్తుల తీర్పుకు ప్రభుత్వం కట్టుబడాలి. ఇచ్చిపుచ్చుకోవడం అంటే అది.

మన దగ్గర బదులు ఏముంది? అయిదేళ్ళకోసారి రావాల్సిన వేతన సవరణ సంఘం (పీఆర్సీ) ఉంది. సంఘాలూ అధికారులూ కూర్చునే జాయింట్ స్టాఫ్ కౌన్సిల్ ఉంది. రెండింటి మాటా ప్రభుత్వాన్ని కట్టిపడెయ్యదు. 2022 జనవరిలో 27 శాతం మధ్యంతర భృతి తీసుకుంటున్న ఉద్యోగులకు ప్రభుత్వం 23 శాతం ఫిట్‌మెంట్ (మూల వేతనం మీద పెంపు) ప్రకటించినప్పుడు అది అందరికీ అర్థమైంది. ఉద్యోగుల గోడు వినడానికే పెట్టిన పరిపాలనా ట్రిబ్యునల్ ఒకటుండేది. 2020లో అదీ రద్దయింది. ఇప్పుడు ఒక ఫైర్‌మాన్ సీనియారిటీ తగాదా కూడా హైకోర్టుకే వెళ్ళాలి. తీసుకున్న హక్కుకు బదులుగా ఇచ్చినవి ఒక్కొక్కటే చేజారుతుంటే సంఘానికి మిగిలేదేమిటి?

లెక్క మిగులుతుంది. కాగితం మీద లెక్క రాసి పదే పదే ముందు పెట్టడం. ఇది చిన్న ఆయుధం అనిపిస్తుంది గానీ ప్రపంచంలో ఫైర్ యూనియన్లు సాధించినవాటిలో పెద్దవన్నీ దీంతోనే వచ్చాయి.

ఉదాహరణకు బండి మీద మనుషుల సంఖ్యే. అమెరికాలో 1918లో పుట్టిన అగ్నిమాపక సిబ్బంది యూనియన్ తన నిబంధనావళిలోనే సమ్మె వద్దని రాసుకుని దశాబ్దాలు నడిచింది. తర్వాతి కాలంలో అది పట్టుబట్టింది కొలతల మీద. 2010లో అక్కడి ప్రభుత్వ ప్రమాణాల సంస్థ ఒక ప్రయోగం చేసింది. ఒక చిన్న ఇల్లు అంటుకుంటే చెయ్యాల్సిన 22 పనులను ఇద్దరితో, ముగ్గురితో, నలుగురితో, ఐదుగురితో చేయించి గడియారం పెట్టి చూశారు. నలుగురున్న బండి, ఇద్దరున్న బండి కంటే సుమారు 7 నిమిషాల ముందు పని ముగించింది. మా వాళ్ళు అలిసిపోతున్నారు అని మొరపెట్టుకుంటే వినని అధికారి, 7 నిమిషాలంటే వింటాడు. అక్కడే ఇంకో నియమం కూడా ఉంది: కాలుతున్న ఇంట్లోకి ఇద్దరు వెళితే బయట ఇద్దరు సిద్ధంగా ఉండాలి, లోపలివాళ్ళను లాక్కురావడానికి.

మనకు ప్రమాణాలు లేవా? బ్రహ్మాండంగా ఉన్నాయి. పట్టణంలో 5 నుంచి 7 నిమిషాల్లో, పల్లెల్లో 20 నిమిషాల్లో బండి చేరాలని కేంద్ర అగ్నిమాపక సలహా సంఘం ఎన్నడో చెప్పింది. పట్టణాల్లో 10 చదరపు కిలోమీటర్లకొకటి, పల్లెల్లో 50 చదరపు కిలోమీటర్లకొకటి స్టేషన్ ఉండాలంది. ఆ కొలతతో చూస్తే దేశంలో సిబ్బంది కొరత 96 శాతం పైనేనని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2012లో ప్రచురించిన మార్గదర్శకాల్లోనే ఉంది. 96 శాతం కొరత అంటే లోపం సిబ్బందిలో ఉందా, ప్రమాణంలో ఉందా అని నవ్వొస్తుంది. చేరలేని ప్రమాణం ఎవరినీ సిగ్గుపరచదు. తెనాలి బండి మీద ఈ షిఫ్టులో ఐదుగురికి ముగ్గురే ఉన్నారన్న లెక్క సిగ్గుపరుస్తుంది. సంఘం పట్టుకోవాల్సింది రెండో లెక్కనే. 2023లో కేంద్రం 5,000 కోట్ల రూపాయలతో అగ్నిమాపక సేవల ఆధునికీకరణ పథకం తెచ్చింది. మంచిదే. డబ్బుతో బండ్లు వస్తాయి, బండి ఎక్కేవాడు రావాలంటే నియామకం జరగాలి.

వయసు సంగతీ అంతే. రాష్ట్ర ఉద్యోగుల పదవీ విరమణ వయసు 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కి పెరిగింది. బల్ల ముందు కూర్చునే ఉద్యోగికి అది వరం. వీపు మీద గాలి సిలిండరు కట్టుకుని, ముఖానికి మాస్కు బిగించుకుని, కోల్డ్ స్టోరేజీ పొగలోకి అడుగుపెట్టే మనిషికి 61వ ఏట అది ఏమవుతుంది? దుగ్గిరాల, తెనాలి వైపు కోల్డ్ స్టోరేజీలు ఎక్కువ. అలాంటి గిడ్డంగుల్లో చల్లదనానికి వాడేది సాధారణంగా అమ్మోనియా. వయసును బట్టి పని మార్చాలని అడగడం సంఘం పని. ఆ పోస్టులు ఎక్కడ సృష్టించాలో తేల్చడం ప్రభుత్వం పని.

పొగ గురించి ఇంకొక్క మాట. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ అగ్నిమాపక వృత్తినే కేన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. పొగాకూ ఆస్‌బెస్టాసూ ఉన్న వర్గం అది. కెనడాలో మానిటోబా రాష్ట్రం 2002లోనే చట్టం చేసింది: ఇన్నేళ్ళు సర్వీసున్న ఫైర్‌మాన్‌కు ఫలానా కేన్సర్లు వస్తే, ఉద్యోగం వల్లే వచ్చిందని అతను నిరూపించుకోనక్కర్లేదు, కాదని నిరూపించే భారం అవతలివాళ్ళది. ఇలాంటి చట్టాల వెనక యూనియన్లు ఏళ్ళ తరబడి దాచిపెట్టిన కాగితాలున్నాయి, ఎవరు ఎన్ని మంటల్లోకి వెళ్ళారు, తర్వాత ఏ జబ్బుతో పోయారు అన్న చిట్టాలు. మన స్టేషన్లలో కాల్ రిజిస్టరు ఎలాగూ రాస్తారు. ఎవరు లోపలికి వెళ్ళారో, మాస్కు ఉందో లేదో పక్కన ఒక వరుస రాయడానికి ఏ గుర్తింపూ అక్కర్లేదు.

మన తెనాలి, బాపట్ల, రేపల్లెలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. 2022 ఏప్రిల్ 4న పాత గుంటూరు జిల్లా విడిపోయింది. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది, బాపట్ల తానే జిల్లా అయింది, రేపల్లె దాని కిందికి వెళ్ళింది. వేమూరు తెనాలికి కూతవేటు, జిల్లా మాత్రం బాపట్ల. మంటకు జిల్లా సరిహద్దు లేదు కాబట్టి బండి గీత దాటి వెళుతుంది. బదిలీ, పదోన్నతి, సెలవు కాగితాలు మాత్రం గీత దగ్గర ఆగుతాయి. పైగా ఈ స్టేషన్లకు నిప్పు సగం పనే. బాపట్ల వాళ్ళకు సూర్యలంక తీరంలో మునిగిపోయే పర్యాటకులున్నారు, 2023 డిసెంబరు 5న తీరం దాటిన మిచాంగ్ లాంటి తుపానులున్నాయి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీరొచ్చినప్పుడు కొల్లూరు వైపు లంక గ్రామాలు మునిగాయి. శాఖ పేరులోనే విపత్తు స్పందన చేరింది. పేరుకు ఆ రెండు మాటలూ కలిసినప్పుడు పోస్టులు కూడా కలిశాయా అని సంఘం అడిగితే అది గొంతెమ్మ కోరికేమీ కాదు.

సంఘం గొడుగు కిందికి రానివాళ్ళు కూడా ఇదే పనిలో ఉంటారు, హోంగార్డులు. వాళ్ళది జీతం కాదు, రోజుకింత అని డ్యూటీ అలవెన్సు. 2015 మార్చిలో హిమాచల్ హోంగార్డుల సంక్షేమ సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు ఒక తీర్పిచ్చింది. వాళ్ళను పర్మనెంటు చెయ్యమనలేదు గానీ, రోజు భత్యం నెలకు లెక్కిస్తే పోలీసు కానిస్టేబుల్ కనీస జీతానికి తగ్గకూడదంది. ఒక్కరోజు పని ఆపకుండా, ఒక చిన్న సంఘం కాగితంతో గెలిచిన కేసు అది.

ఉద్యోగి సంఖ్యలు బయటపెడితే ప్రవర్తనా నియమావళి అడ్డొస్తుంది. పౌరుడికి ఆ అడ్డు లేదు. 2005 సమాచార హక్కు చట్టం కింద ఆయా జిల్లాల అగ్నిమాపక అధికారుల కార్యాలయాలకు తెల్లకాగితం మీద అర్జీ రాయొచ్చు. రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. తెనాలి, బాపట్ల, రేపల్లె స్టేషన్లలో మంజూరైన పోస్టులు ఎన్ని, ఖాళీలు ఎన్ని, ఒక్కో షిఫ్టులో బండి మీద ఎంతమంది, వాడుకకు పనికొచ్చే గాలి సిలిండర్లు ఎన్ని, గత ఏప్రిల్లో వచ్చిన కాల్స్ ఎన్ని, చేరడానికి పట్టిన సమయం ఎంత. ఆరు ప్రశ్నలు, అర్ధపేజీ కూడా కాదు.

కాలవలు కట్టేసేలోపు రాస్తే జవాబు ఎండలకు ముందే వస్తుంది.